చెరువు కట్ట నుంచి డ్యాం కట్ట దాకా

మా అమ్మమ్మ మాటల్లో టూరు లేదు, పిక్నిక్ లేదు, వెకేషన్ అసలే లేదు. తల్లిగారింటికి పోవుడు, మొక్కు చెల్లిచ్చుడు, సద్దులకు పోవుడు, జాతరకు పోవుడు ఉండేవి. మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆడవాళ్ళు తరతరాలుగా చెట్ల కిందా, నీళ్ళ ఒడ్డునా పూటలు పూటలు గడిపినవాళ్ళే. కానీ "ఊరికేనే పోతున్న, గాలికి కూసుండి వస్త" అని చెప్పి గడప దాటినామె మాత్రం నేను విన్న కథల్లో ఒక్కతీ లేదు. పోవాలంటే కారణం కావాలి. పండుగో, దేవుడో, రోగమో, చుట్టరికమో. పిల్లలకు సెలవులు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో డ్యాంకు పోదామా, కడెం పోదామా, కుంటాల పోదామా అని పంచాయితీ నడుస్తుంది. అది వింటుంటే ఆ పాత కారణాలన్నీ నాకు వరుసగా గుర్తుకొస్తాయి. మన ఇండ్లల్లో సెలవుల చరిత్ర అంటే చాలా మటుకు ఆడవాళ్ళు వెతుక్కున్న సాకుల చరిత్రే అనిపిస్తుంది నాకు.

మనకు సముద్రం లేదు. ఉన్నవల్లా గోదావరి, అందులో కలిసే మానేరు, ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ, ప్రాణహిత, కడెం. వానలు పోతే మానేరు సగం ఇసుకే. అందుకే కాకతీయుల కాలం నుంచీ ఊరూరా చెరువులు కట్టుకున్నారు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది ఊరి చెరువులోకి పోతాయి, అది నిండితే ఇంకో కింది చెరువుకు. గొలుసుకట్టు అన్నది అందుకే. మత్తడి దుంకిన రోజు ఊరు ఊరంతా కట్ట మీదే ఉండేది. చంకలో పిల్లను ఎత్తుకొని ఆడవాళ్ళు కూడా పోయేవాళ్ళు. దానికీ కారణం ఉందనుకోండి. చెరువు నిండిందంటే రెండు పంటలకు ధీమా, ఆ ధీమాను కండ్లతో చూసుకోవడానికి పోవడం. మిగతా రోజుల్లో చెరువు మగవాళ్ళదీ, పశువులదీ. ఆడవాళ్ళకు అది బట్టల మూటతో పోయే చోటు.

ఆ చెరువు తొమ్మిది రోజులు ఆడవాళ్ళదయ్యేది. బతుకమ్మ గురించి మీకు నేను చెప్పేదేముంది? పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగుస్తుంది. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పండుగ అయింది. పూల గురించి, పాటల గురించి చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. ఈ పండుగ చెరువులు నిండుగా ఉన్నప్పుడు వస్తుంది. నాట్లు, కలుపు అయిపోయి, కోతలకు ఇంకా టైమున్నప్పుడు వస్తుంది. పొలంలో ఆడకూలి చేసే మనిషికి సంవత్సరంలో ఒళ్ళు కాస్త ఖాళీగా ఉండేది ఇప్పుడే. సాయంత్రం పొద్దు గూకే దాకా, గూకినాక కూడా, ఆడవాళ్ళు గుంపుగా ఊరి బయట నీళ్ళ ఒడ్డున ఉంటారు, ఎవరూ ఎందుకని అడగరు. సద్దుల నాడు తెచ్చుకున్న పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, మలీద అక్కడే కట్ట మీద కూర్చొని పంచుకొని తింటారు. దేవత పేరు తీసేసి చూడండి, ఇది పిక్నిక్ కాక ఇంకేమిటి?

అయితే అందరూ ఒకే గుంపు అనుకోవద్దు. ఒకే కట్ట మీద ఆడినా ఏ వాడ బతుకమ్మ ఆ వాడదే. ఎవరు ఎవరి సద్ది తింటారో, తినరో లెక్కలుండేవి. చాలా ఊళ్ళలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చెరువు అందరిదీ అని పాటల్లో వినడానికి బాగుంటుంది.

బతుకమ్మతో పాటు వచ్చేది తల్లిగారింటి పిలుపు. అన్నో తమ్ముడో ఎడ్లబండి కట్టుకొని వచ్చి ఆడబిడ్డను తీసుకపోవాలి. తెలంగాణ ఆడపిల్లకు అసలు సెలవంటే అదే. అక్కడ తెల్లారగట్ల లేవక్కరలేదు, తిన్న పళ్ళెం తానే కడుక్కోవాలని లేదు. మరి అత్తగారింట్లో కూడా పండుగే కదా, కోడలు పోతే అక్కడ బతుకమ్మ పేర్చేదెవరు? ఈ తగవుకు మా వేములవాడ వాళ్ళు ఒక ఉపాయం చేసుకున్నారు. రాజన్న గుడి ఉన్న వేములవాడలో సద్దుల బతుకమ్మ తొమ్మిదో నాడు కాదు, ఏడో నాడే అయిపోతుంది. అత్తగారింట్లో ఏడు రోజుల పండుగ చేసి, ఆ రెండు రోజుల్లో తల్లిగారింటికి చేరుకొని అక్కడ తొమ్మిదో నాటి సద్దులు కూడా ఆడుకోవచ్చని దానికి కారణం చెప్తారు. పంచాంగం కన్నా కోడళ్ళ సెలవు ముఖ్యమని ఎవరు తేల్చారో, ఎప్పుడు తేల్చారో గానీ, ఆ మనిషికి దండం పెట్టాలి.

ఇక రోగం సంగతి. ఇది కొంచెం వింతగా ఉంటుంది. మా దగ్గర జగిత్యాల, నిర్మల్ వైపు ఊళ్ళలో ఇప్పటికీ ఏదో ఒక సంవత్సరం డప్పు చాటింపు వేస్తారు. ఫలానా రోజు ఊళ్ళో పొయ్యి రాజేయవద్దు, తెల్లారకముందే ఇండ్లకు తాళాలేసి అందరూ ఊరు విడిచి పోవాలి, పొద్దు గూకినాకే తిరిగి రావాలి అని. ముసలివాళ్ళు, బాలింతలు, బర్రెలు, కోళ్ళు అన్నీ బయటికే. మామిడితోపులోనో చెరువు కిందనో మూడు రాళ్ళు పెట్టి వండుకొని తిని సాయంత్రం దాకా గడిపి వస్తారు. వనభోజనాలంటారు, కొన్నిచోట్ల వనవాసమనే అంటారు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద చేసే వనభోజనాలు వేరు, ఇవి వేరు. ఊరికి కీడు సోకిందనో, వానలు లేవనో, పోచమ్మ తల్లి అలిగిందనో చేసేవి ఇవి.

గత్తర వచ్చిన రోజుల్లో, ప్లేగు వచ్చిన రోజుల్లో జనం నిజంగానే ఊళ్ళు విడిచి చేన్లలో గుడిసెలు వేసుకొని నెలల తరబడి ఉన్నారు. ఇంట్లో ఎలుక చచ్చి పడితే ఇల్లు వదిలెయ్యడమే అప్పటికి తెలిసిన మందు. ఈ ఒక్కరోజు వనవాసం ఆ పారిపోయిన రోజుల జ్ఞాపకమే అయి ఉంటుందని నా ఊహ. భయంతో మొదలైందని అనుకున్నా, పిల్లలకు అది సంవత్సరంలో అన్నిటికన్నా సంబురమైన రోజు. ఆడవాళ్ళ మాట అడిగితే, మా అత్తమ్మ ఒకసారి చెప్పింది: "గత్తరమ్మ పేరు మీదనన్న ఒక్కనాడు ఇల్లు ఊడ్వకుంట ఉంటిమి బిడ్డా." ఆ మాట వెనక నవ్వు ఉంది గానీ నవ్వు ఒక్కటే లేదు.

ఆదిలాబాద్ అడవుల్లో ఇంకో పద్ధతి. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశం గోండులు జాతరకు ముందు కాలినడకన బయలుదేరి జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలో ఉన్న హస్తినమడుగుకు పోయి, ఝారిలో నీళ్ళు పట్టుకొని మళ్ళీ నడిచి కేస్లాపూర్ చేరుకుంటారు. అడవి దారిలో రోజుల తరబడి నడక, రాత్రుళ్ళు దారిలోనే బస. ఈలోపు మిగతా కుటుంబాలు ఎడ్లబండ్ల మీద గిన్నెలు, బియ్యం, పిల్లలతో సహా వచ్చి మర్రిచెట్ల కింద దిగుతాయి. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళను తెల్లచీరల్లో దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఆ కోడళ్ళకు మెస్రం ఇంటి పెద్దముత్తైదువలందరూ పరిచయమయ్యేది కూడా ఆ మర్రిచెట్ల కిందే. ఇప్పుడు డబ్బులు పెట్టి టెంట్లలో పడుకోవడాన్ని క్యాంపింగ్ అంటున్నాం. కేస్లాపూర్ మర్రిచెట్లకు ఆ పేరు తెలియదు, అంతే తేడా.

వీటన్నిటికీ అవతల, ఏ దేవుడి పేరూ చెప్పకుండా నీళ్ళ ఒడ్డున సరదాకు గడిపినవాళ్ళు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. నిజాం దొరలు, దొరగార్ల చుట్టాలు, ఇంగ్లీషు అధికారులు. ఆదిలాబాద్ అడవులు వాళ్ళకు షికారు అడవులు. చెరువుల పక్కన, ప్రాజెక్టుల పక్కన బంగళాలు కట్టింది వాళ్ళ కోసం. నిజామాబాద్ పక్క మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్, మా మానేరు మీద నర్మాల దగ్గరి ఎగువ మానేరు, రెండూ నిజాం కాలపు కట్టడాలే. వాటి గెస్ట్‌హౌస్ వరండాలో కుర్చీ వేసుకొని నీళ్ళను చూస్తూ చాయ్ తాగడం ఒక తరగతి మనుషుల హక్కు. వంట మనిషిగానో, నీళ్ళు మోసే మనిషిగానో తప్ప మన అమ్మమ్మలు ఆ వరండా ఎక్కి ఉండరు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రాజెక్టులు పెద్దవయ్యాయి, జనానికి దగ్గరయ్యాయి. ఆదిలాబాద్‌లో కడెం ప్రాజెక్టు పని 1949లో మొదలైంది. 1958 వరదకు దెబ్బతిని, గేట్లతో మళ్ళీ కట్టాల్సి వచ్చింది. గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ 1963 జులై 26న శంకుస్థాపన చేశారు, అదే ఇప్పటి శ్రీరాంసాగర్. అక్కడి నుంచి కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు వచ్చి మానేరును కలిసే చోట, కరీంనగర్ పక్కనే అల్గునూరు దగ్గర, 1974లో మొదలుపెట్టి 1985కల్లా దిగువ మానేరు డ్యాం పూర్తిచేశారు. మానేరూ మోయతుమ్మెద వాగూ కలిసే చోటది. నిండితే 24 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, మన బిందెల లెక్కకు అందదు లెండి. హైదరాబాద్ రోడ్డు మీద బస్సులో పోతుంటే కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ వెడల్పు మొదటిసారి చూసిన పల్లెటూరి ముసలమ్మలు చేతులు జోడించడం నేను చూశాను. ఆనకట్టలు ఆధునిక దేవాలయాలని నెహ్రూ అన్నారు కదా, మా వాళ్ళు ఆ మాట వినకుండానే అమలు చేశారు. గేట్లు ఎత్తారంటే పసుపు కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని బయలుదేరేవాళ్ళు. గంగమ్మకు పూజ! ఇంతకన్నా మంచి సాకు ఏ ఇంట్లో కాదంటారు?

అలా డ్యాం మా కరీంనగర్‌కు సముద్రమైంది. ఊరికి తాగునీళ్ళు అక్కడివే, ఆదివారం సాయంత్రం అక్కడే. కట్ట మీద నిలబడితే గాలి చీర కొంగును నిలవనియ్యదు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వెనక్కి ఎలగందుల ఖిల్లా దాకా కనిపిస్తాయి. ఒకప్పుడు జిల్లాకు ఆ ఎలగందులే కేంద్రం, 1905లో కరీంనగర్‌కు మార్చారు. జిల్లా పేరే పోగొట్టుకున్న ఆ కోటకు డ్యాం వచ్చాక ముందర ఒక పెద్ద నీటి అద్దం దొరికింది. తర్వాత డ్యాం పక్కన ఉజ్వల పార్కు, జింకల పార్కు వచ్చాయి, బోట్లు వచ్చాయి. డ్యాం ఉంటే పక్కన తోట ఉండాలన్న ఆలోచన మైసూరు బృందావన్ గార్డెన్స్ చూసి దేశమంతా నేర్చుకున్నదే. సినిమా పాటల్లో చూసిన ఆ ఫౌంటెన్లు మన ఊళ్ళో కూడా ఉండాలని ఎవరికుండదు?

ఇక్కడ ఆగి ఆ ఆదివారాల్లో ఎవరేం చేసేవాళ్ళో చెప్పాలి. మా చిన్నప్పుడు డ్యాంకు పోవడమంటే ముందురోజు నుంచే అమ్మకు పని. అల్లం ఎల్లిపాయ నూరుకోవాలి, మసాలా పొడి కట్టుకోవాలి, బియ్యం, నూనె, ఉల్లిగడ్డలు, దేగిస, గంటె, మోదుగాకు విస్తర్లు అన్నీ గంపకెత్తాలి. అక్కడికి పోయాక చెట్టు నీడ చూసుకొని మగవాళ్ళు చాప పరుస్తారు, పత్తాలు తీస్తారు, సీసాల సంగతి చెప్పను. ఆడవాళ్ళు రాళ్ళ పొయ్యి పెట్టి, గాలికి ఆరిపోతున్న మంటను ఊది ఊది, బగారన్నం, కోడికూర వండాలి. ఇంట్లో వంటకూ దానికీ తేడా ఏమిటంటే ఇంట్లో గ్యాసు ఉంది, అక్కడ పొగ ఉంది. తిన్నాక గిన్నెలు తోమడానికి నీళ్ళు మాత్రం 24 టీఎంసీలున్నాయి! పొద్దు వాలేటప్పుడు పది నిమిషాలు నీళ్ళ అంచున పాదాలు తడుపుకొని "ఎంత సల్లగున్నది" అనేవాళ్ళు. ఆ రోజంతటిలో వాళ్ళ సెలవు ఆ పది నిమిషాలే.

దీన్ని మార్చింది పెద్ద ఉద్యమమేదీ కాదు, చేపలు. డ్యాం నిండాక మత్స్యకారులకు చేతినిండా చేపలు దొరికాయి. రోడ్డు పక్కన పెద్ద మూకుళ్ళు పెట్టి మసాలా పట్టించిన చేపముక్కలు వేయించి అమ్మడం మొదలుపెట్టారు. ఆదివారాలు ఆ డబ్బాల ముందు జనం నిలబడి కాగితాల్లో పెట్టించుకొని తినేవాళ్ళు. డబ్బాల వెనక మూకుడు దగ్గర నిలబడ్డవాళ్ళలో కూడా ఆడవాళ్ళున్నారు, వాళ్ళకది బతుకుతెరువు. కానీ మా అమ్మ తరం ఇంటి ఆడవాళ్ళు చాలామందికి ఊరి బయట, చుట్టాలింట్లో కాకుండా, తాము వండకుండా, డబ్బిచ్చి కొనుక్కొని తిన్న మొదటి తిండి ఆ చేప ముక్కే. హోటళ్ళు మగవాళ్ళవి కదా అప్పట్లో. నిలబడి, పిల్లలకు ముళ్ళు తీసి పెడుతూ, కొంగుతో మూతి తుడుచుకుంటూ తిన్న ఆ ముక్కకు నా లెక్కలో కాకతీయ కాలువంత ప్రాముఖ్యం ఉంది.

ఈ ఆదివారం అన్నది కూడా అందరికీ ఒక్కసారి రాలేదు. వ్యవసాయం చేసే ఇంట్లో ఆదివారం ఏముంది? వారానికో సెలవు, జీతంతో కూడిన సెలవు మా ప్రాంతంలో బాగా అలవాటైంది బొగ్గుబావుల వాళ్ళకు. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ఇండ్లల్లో ఆడవాళ్ళ నోట ఇప్పటికీ "ప్లేడే" అన్న మాట వినిపిస్తుంది. సింగరేణిలో వారాంతపు సెలవును అలాగే అంటారు. అయితే ఆ ప్లేడే నాడు డ్యూటీకి పోతే ఎక్కువ జీతం. ఇంటాయన డ్యూటీకి పోతే పైసలు, పోకపోతే పిల్లలకు గోదారి ఒడ్డు. ఈ లెక్క నెలనెలా ప్రతి ఇంట్లో జరిగేది. బొగ్గు కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ పుణ్యాన తిరుపతినో, ఊటీనో చూసిన ఆడవాళ్ళు మా చుట్టాల్లో మొదట వాళ్ళే. మేమంతా ఆ ఫోటోల ఆల్బం చూడటానికి పోయేవాళ్ళం.

జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి వైపు ఇంకో రకం. అక్కడ 1970ల చివరి నుంచే మగవాళ్ళు దుబాయి, మస్కట్ పట్టారు. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుడుతూ ఇల్లు నడిపారు. బీడీ చుట్టే ఆకు మళ్ళీ అడవి తునికాకే. వాళ్ళకు "ఛుట్టీ" అంటే పిల్లల బడి సెలవులు కాదు, రెండేండ్లకో మూడేండ్లకో ఆయన వచ్చే నెలా రెండు నెలలు. ఆ రోజుల్లోనే అన్నీ కావాలి. జీపు కిరాయికి మాట్లాడి వేములవాడలో కోడె మొక్కు, కొండగట్టు అంజన్న, ధర్మపురిలో గోదావరి స్నానం, వచ్చేటప్పుడు డ్యాం. ఒకే జీపులో పదిహేను మంది. తండ్రిని చూసి కొత్తపడి ఏడ్చే రెండేండ్ల పిల్ల, ఆ పిల్లను నవ్వించడానికి డ్యాం దగ్గర బుడగ కొనిచ్చే తండ్రి. మా ఎరుకలోని ఒక ఇంట్లో అలాంటి నాలుగు ఛుట్టీల ఫోటోలు గోడకు వరుసగా ఉన్నాయి. ప్రతి ఫోటోలో అదే కట్ట, అవే నీళ్ళు. పిల్ల మాత్రం ఒక్కసారిగా పెద్దదవుతుంటుంది. ఆ ఇల్లాలు పన్నెండేండ్ల కాపురంలో భర్తతో గడిపిన రోజులన్నీ కలిపితే ఏడాది కూడా కాదు. ఫ్యామిలీ వెకేషన్ అన్న మాట వింటే నాకు ఊటీ గుర్తుకురాదు, ఆ గోడే గుర్తుకొస్తుంది.

నీళ్ళ అందం చెప్పి నీళ్ళ సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఇదే కడెం వాగు మీద, నేరడిగొండ దగ్గర ఉంది కుంటాల జలపాతం, 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. శకుంతల పేరు మీద ఆ పేరు వచ్చిందంటారు. శివరాత్రికి అక్కడి సోమేశ్వరుడి దగ్గరకు జనం వస్తారు. ఆ గుండాల్లో దిగి తిరిగి రాని పిల్లలు ఎంతమందో. నునుపుదేలిన బండ, కింద ఎంత లోతో తెలియని నీళ్ళు. మానేరులో ఇసుక తోడిన గుంతలు అంతకన్నా మోసం, పైకి మోకాలి లోతులా కనిపిస్తాయి. మగపిల్లలు మోటబావుల్లో, నడుముకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చుకునేవాళ్ళు. ఆడపిల్లలకు ఆ బుర్ర ఎవరూ కట్టలేదు. పిల్లాడు మునుగుతుంటే ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏం చేయలేని తల్లుల్ని తయారుచేసింది ఆ అలవాటే. మా అమ్మాయికి ఈత నేర్పించేటప్పుడు "ఆడపిల్లకెందుకే" అన్నవాళ్ళకు నేను ఇదే చెప్పాను.

కట్టలు కూడా శాశ్వతం కాదు. కడెం కట్ట 1995 వరదలో తెగింది. 2022 జులైలో మళ్ళీ ఆ రాత్రి వచ్చింది. ఉన్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. ప్రాజెక్టు వదలగలిగింది మూడు లక్షల క్యూసెక్కులైతే వచ్చిపడింది ఐదు లక్షల పైన. నీళ్ళు గేట్ల మీది నుంచి పొర్లాయి, కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. టీవీ ముందు కూర్చొని ఆ కట్ట నిలవాలని మొక్కుకున్నాం. నిలిచింది. ఆరు నెలలకు అదే కట్ట మీద సెల్ఫీలు.

ఇంకో మాట. మనం బోటు షికారు చేసే నీళ్ళ అడుగున ఊళ్ళున్నాయి. శ్రీరాంసాగర్ కింద ఉన్నాయి, దిగువ మానేరు కింద ఉన్నాయి. కండ్ల ముందే జరిగింది మిడ్ మానేరు. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిన ఈ జలాశయం కట్ట పూర్తికాకముందే 2016 సెప్టెంబరులో ఒకసారి తెగింది. 2019లో నిండింది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, రుద్రవరం, అనుపురం లాంటి ఊళ్ళు ఆ నీళ్ళలో పోయాయి. వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుడి గుట్ట మీద ఉండడంతో మిగిలింది. నీళ్ళు నిండితే ఇప్పుడది దీవి, పడవలో పోవాలి. చుట్టూ నీళ్ళు, నడుమ గుడి, ఫోటోలకు బాగుంటుంది, పోయేవాళ్ళు పెరిగారు.

ముంపు ఊళ్ళలో ఒకదానిలో మాకు వరసకు చిన్నత్త అయ్యే ఆమె ఉండేది. ఇప్పుడు కొత్త కాలనీలో ఉంటుంది. సిమెంటు రోడ్లు, నల్లాలు అన్నీ ఉన్నాయి. మొదటి సంవత్సరం సద్దుల నాడు బతుకమ్మను ఎత్తుకొని ఆడవాళ్ళంతా కాలనీ చివర నిలబడ్డారట. ఎటు పోవాలి? చెరువు లేదు. చెరువు ఆ జలాశయం అడుగునే ఉంది. చివరకు ట్రాక్టరెక్కి జలాశయం అంచుకే పోయి, తమ ఊరిని ముంచిన నీళ్ళలోనే బతుకమ్మను వదిలారు. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు పాత గోడలు, చెట్ల మోడులు బయటపడతాయి. అప్పుడు ఆ ఊరివాళ్ళు పిల్లల్ని తీసుకొని పోతారు. అన్నం కట్టుకొని పోతారు. "ఇది మన దర్వాజ, ఇక్కడ పొయ్యి, అగో అక్కడ నీళ్ళ గోలెం" అని చూపించి, మోడుల పక్కన కూర్చొని తిని వస్తారు. దూరం నుంచి చూసేవాళ్ళకు అదీ పిక్నిక్ లాగే కనబడుతుంది.

చెరువులకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయా అంటే కొంత వచ్చాయి. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారు. కొన్ని పెద్ద చెరువు కట్టలను మినీ ట్యాంక్‌బండ్‌లని రెయిలింగులు, బెంచీలు, లైట్లు, బతుకమ్మ ఘాట్లతో ముస్తాబు చేశారు. పొద్దున ఆ కట్టల మీద బూట్లేసుకొని వాకింగ్ చేసే ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. ఇప్పుడు సాకు షుగరు. డాక్టరు నడవమన్నాడు అంటే అత్తగారు కూడా కాదనలేదు! కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన 2023 జూన్‌లో మొదలైంది. సాయంత్రం అక్కడ జనమే జనం.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఆ సంవత్సరం చివర్లో వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ పైసలు లేవు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు "జీరో టికెట్" కొట్టిస్తాడు. దీని మీద ఎన్ని జోకులు, ఎన్ని వీడియోలు వచ్చాయో మీరూ చూసే ఉంటారు. ఆడవాళ్ళు పనిలేక తిరుగుతున్నారని. పనిలేక తిరగడం మగవాళ్ళు వందేండ్లుగా చేస్తున్నదే, ఎవరూ వీడియో తీయలేదు.

మా అత్తమ్మ, మా వాడకట్టులో ఆమె ఈడు వాళ్ళు మరో నలుగురు కలిసి ఒక జట్టయ్యారు. మొదట వేములవాడ పోయారు, ఆ తర్వాత ధర్మపురి, కొండగట్టు. తర్వాత బాసర సరస్వతి, అక్కడా గోదావరే. గుళ్ళు అయిపోయాయి. మొన్న శ్రావణంలో పొద్దున్నే తయారై కూర్చుంది. ఏ గుడికి అత్తమ్మా అని అడిగాను. "గుడి లేదు, ఏం లేదు. డ్యాం నిండిందట. అల్గునూరు కాడ దిగుతం" అంది. టిఫిన్ కట్టిస్తానంటే వద్దంది, అక్కడ చేపలు దొరుకుతాయట. సంచిలో నీళ్ళ సీసా, గొడుగు, మోకాళ్ళ నొప్పికి రాసుకునే మందు పెట్టుకుంది. ఎప్పుడొస్తావని అడిగితే, వచ్చినప్పుడొస్తానని చెప్పి చెప్పులేసుకుంది.